మందం యంత్రం కొనేముందు

ఒక స్కేలు తీసుకుని మీ తరగతిలోని బల్ల అంచు మందాన్ని నాలుగు చోట్ల కొలవండి. ఎక్కడ కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది. ఇందులో వింతేముంది అంటారా? అయితే కోత మిల్లు నుంచి అప్పుడే తెచ్చిన పలకను కూడా అలాగే కొలవండి. ఒక చివర 29 మిల్లీమీటర్లు, రెండో చివర 27, మధ్యలో 30 ఉండవచ్చు. రంపం గీతలు చేతికి గరుగ్గా తగులుతాయి. ఇలాంటి పలకలతో పుస్తకాల అర చేస్తే కీళ్లు కలవవు. ఒక అర ఎత్తుగాను, ఒకటి పల్లంగాను వస్తుంది.

ఆ గరుకు పలకను నునుపు చేసే పనిని మన వడ్రంగులు చిత్రిక పట్టడం అంటారు. చిత్రిక చాలా పాత పనిముట్టు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరంలో రోమన్ వడ్రంగుల చిత్రికలు దొరికాయి. కాని చేతి చిత్రికతో పది పలకలను ఒకే మందానికి తేవాలంటే ఎంతో ఓపిక, భుజబలం కావాలి. అందుకే ఆ పనికి ఒక యంత్రం వచ్చింది. దాని పేరు థిక్‌నెస్ ప్లేనర్. మనం దానిని మందం యంత్రం అందాం.

ఈ యంత్రం పిల్లలు నడపవలసింది కాదు. కాని మీ బాబాయో మామయ్యో పెరట్లో చిన్న షెడ్డు వేసుకుని వడ్రంగం పని మొదలుపెడుతున్నారనుకోండి. యంత్రం కొనాలని కాగితాలు తిరగేస్తున్నారు. అప్పుడు మీరు వారికి ఎంతో సహాయం చేయవచ్చు. ఎందుకంటే ఆ ఎంపికకు కావలసిన లెక్కలన్నీ మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. లెక్క తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. మంచి కలప పాడవుతుంది, వేళ్లకు కూడా ప్రమాదం.

లోపల ఏముంది?

మందం యంత్రంలో కింద నున్నని ఇనుప బల్ల ఉంటుంది. దానికి పైన, పలక వెడల్పుకు అడ్డంగా, ఒక ఇరుసు గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇరుసుకు రెండో మూడో పొడవాటి కత్తులు బిగించి ఉంటాయి. ఇరుసుకు ముందొక రోలరు, వెనకొక రోలరు ఉంటాయి. ఇవి పలకను బల్లకేసి నొక్కి పట్టి, నెమ్మదిగా ముందుకు నడిపిస్తాయి. కత్తులు పైముఖాన్ని పలుచగా చెక్కుతాయి. పిడి తిప్పి బల్లకూ కత్తులకూ మధ్య సందును తగ్గించి, పలకను మళ్లీ పంపిస్తారు. కావలసిన మందం వచ్చేదాకా ఇలా చేస్తారు.

తిరిగే కత్తులు, నొక్కి పట్టే రోలర్లు, ఈ రెండింటి కలయికకు 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ అనే ఆయన పేటెంటు పొందాడు. ఆ పేటెంటును పొడిగిస్తూ పోగా 1856 దాకా చెల్లింది. అంతకాలమూ ఆ పద్ధతి వాడే మిల్లులు హక్కుదారులకు రుసుము కట్టవలసి వచ్చింది. ఇప్పటి యంత్రాలలోనూ అసలు సూత్రం అదే.

యంత్రం ఏం చేస్తుంది? ఏం చేయదు?

దీనిని రెండు చిన్న ప్రయోగాలతో తెలుసుకుందాం.

మొదటి ప్రయోగం: ఒకే లావున్న రెండు పెన్సిళ్లను నాలుగు అంగుళాల ఎడంతో చపాతీల పీట మీద పెట్టండి. మధ్యలో పిండి ముద్ద పెట్టి, అప్పడాల కర్రను పెన్సిళ్ల మీద ఆనించి దొర్లించండి. పిండి అంతటా పెన్సిలు మందానికే వస్తుంది. కర్రకూ పీటకూ మధ్య సందు ఎక్కడా మారలేదు కాబట్టి మందమూ మారలేదు. మందం యంత్రం చేసేది కూడా ఇదే.

రెండో ప్రయోగం: కొంచెం వంపు తిరిగిన పాత పోస్టుకార్డును బల్ల మీద పెట్టండి. స్కేలుతో పైనుంచి అదమండి. కార్డు చదునుగా అయిపోతుంది. స్కేలు తీసేయండి. కార్డు మళ్లీ వంగిపోతుంది!

వంకర పలకకు యంత్రంలో జరిగేది ఇదే. రోలర్లు నొక్కినప్పుడు అది చదునుగా ఉన్నట్లు కనిపిస్తుంది. కత్తులు దాని మీద సమంగా చెక్కుతాయి. బయటికి రాగానే అది తన పాత వంకరకు తిరిగిపోతుంది. మందం అంతటా ఒక్కటే, కాని పలక వంకరగానే ఉంది. పలక మరీ దళసరిగా ఉండి రోలర్ల ఒత్తిడికి లొంగకపోతే, అడుగున ఉన్న వంపులోనే ఆనుతూ, ఊగుతూ పోతుంది. అప్పుడూ వంకర పూర్తిగా పోదు.

అంటే ఈ యంత్రం అడుగు ముఖానికి పైముఖాన్ని నకలు తీస్తుంది. అడుగు చదునుగా ఉంటే పైముఖం చదునుగాను, దానికి సమాంతరంగాను వస్తుంది. అడుగు వంకరైతే పైన కూడా వంకరే. ఈ ఒక్క సంగతి తెలియక, వేలకు వేలు పోసి యంత్రం కొన్నా వంకర పలకలు వంకరగానే వస్తున్నాయని విసుక్కునేవారు ఉంటారు. తప్పు యంత్రానిది కాదు.

మూడు కాళ్ల పీట చెప్పే పాఠం

మరి అడుగు ముఖం చదునుగా ఉందో లేదో తెలిసేదెలా? మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు. నాలుగు కాళ్ల కుర్చీ మాత్రం టకటకమని ఊగుతుంది. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒక తలం ఎప్పుడూ పోతుంది. నాలుగో బిందువు అదే తలంలో ఉండాలన్న నియమం లేదు. పలకకు నాలుగు మూలలున్నాయి కదా! మెలి తిరిగిన పలకను చదునైన గచ్చు మీద పెట్టి ఒక మూల నొక్కితే, దాని ఎదురు మూల లేస్తుంది.

వడ్రంగులు ఇంకా సున్నితంగా పరీక్షిస్తారు. ఒకే ఎత్తున్న రెండు సూటి బద్దలను పలక రెండు చివర్లా అడ్డంగా నిలబెట్టి, ఒక కన్ను మూసి ముందు బద్ద మీదుగా వెనక బద్ద అంచును చూస్తారు. రెండు అంచులూ సమాంతరంగా కనిపిస్తే మెలి లేనట్లే.

మెలి ఉంటే ఏం చేయాలి? ఒక ముఖాన్ని చేతి చిత్రికతో చదును చేసుకుని, తరువాత పలకను యంత్రానికి ఇవ్వవచ్చు. లేదా మరో ఉపాయం ఉంది. బాగా చదునైన దళసరి ప్లైవుడ్ బల్ల మీద పలకను పెట్టి, లేచిన మూలల కింద పలుచని చెక్క బిళ్లలు కదలకుండా అమర్చాలి. పలక ఊగకూడదు, అదిమినా కుంగకూడదు. బల్లతో సహా యంత్రంలోకి పంపిస్తే, కత్తులు ఎత్తుగా ఉన్న చోట్లనే చెక్కుతూ పోయి చివరకు పైముఖం చదునవుతుంది. అప్పుడు బల్ల తీసేసి, పలకను తిరగేసి మామూలుగా పంపాలి. పోస్టుకార్డు కింద మట్టి నింపి అదిమితే వంగదు కదా, అదే సూత్రం.

ఒకే పేరు, మూడు యంత్రాలు

దుకాణంలో "ప్లేనర్ కావాలి" అని అడిగితే మూడు వేర్వేరు వస్తువులు చూపించవచ్చు. ఒకటి చేతితో పట్టుకుని తోసే కరెంటు చిత్రిక. దీని కత్తి వెడల్పు సాధారణంగా 82 మిల్లీమీటర్లు. తలుపు అంచులు సరిచేయడానికి బాగా పనికివస్తుంది, కాని మందాన్ని అది కొలిచి ఇవ్వదు. రెండోది సర్ఫేస్ ప్లేనర్. దీనినే అమెరికాలో జాయింటర్ అంటారు. దీనిలో కత్తులు కింద ఉంటాయి. ఇది పలకకు ఒక ముఖాన్ని చదును చేస్తుంది, కాని రెండో ముఖాన్ని మొదటిదానికి సమాంతరం చేయలేదు. మూడోది మన మందం యంత్రం. రెండు, మూడు కలిపి చేసిన జంట యంత్రాలు మన ఊళ్లలోని పెద్ద వడ్రంగి షెడ్లలో కనిపిస్తాయి. బరువు ఎక్కువ, చోటూ ఎక్కువ కావాలి.

కాబట్టి బాబాయి అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అని కాదు. "ఒక ముఖాన్ని చదును చేసే దారి నాకు ఉందా?" అని. ఉంటే మందం యంత్రం చాలు.

వెడల్పు, శక్తి

యంత్రాలను పట్టే పలక వెడల్పును బట్టి అమ్ముతారు. ఇంటి షెడ్డుకు వచ్చే చిన్న యంత్రాలు చాలావరకు 12, 13 అంగుళాలవి. అంటే సుమారు 305, 330 మిల్లీమీటర్లు. కాని 13 అంగుళాలు పడుతుంది కదా అని అంత వెడల్పు పలకనూ ఒకే లోతున చెక్కలేదు. ఎందుకో చూడండి.

నిమిషానికి చెక్కే కలప = వెడల్పు × లోతు × నడిచే వేగం.

వెడల్పు 100 మిల్లీమీటర్లు, లోతు 1 మిల్లీమీటరు, వేగం నిమిషానికి 4 మీటర్లు అయితే 4,00,000 ఘన మిల్లీమీటర్లు, అంటే 400 ఘన సెంటీమీటర్లు. పలక వెడల్పు 300 అయితే 1,200 ఘన సెంటీమీటర్లు. మోటారు మీద బరువు సుమారు మూడింతలు! అందుచేత వెడల్పు పెరిగినకొద్దీ లోతు తగ్గించాలి. తొందరపడి లోతు పెంచితే మోటారు వేడెక్కుతుంది, ముఖం చిరుగుతుంది.

ఇక విద్యుత్తు సంగతి. ఉదాహరణకు డివాల్ట్ కంపెనీ అమెరికాలో అమ్మే డిడబ్ల్యు735 రకాన్ని తీసుకుందాం. అది 120 వోల్టుల వద్ద 15 ఆంపియర్లు తీసుకుంటుంది. 120 × 15 = 1,800 వాట్లు. అమెరికా నుంచి బంధువులు ఎవరైనా తెచ్చి ఇచ్చినా, దానిని మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా కలిపితే మోటారు కాలిపోతుంది. అంతే శక్తి గల 230 వోల్టుల యంత్రానికి 1,800 ÷ 230, అంటే దాదాపు 8 ఆంపియర్లు కావాలి. ఫ్యాను, దీపాలకు వాడే 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి చాలదు. తగిన తీగతో వేసిన 16 ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్తింగు ఉండాలి. యంత్రం ధరతో పాటు ఈ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

కత్తి గుర్తుల లెక్క

యంత్రం మీద వచ్చిన పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. చెరువు నీటి అలల్లా సన్నని అడ్డగీతలు కనిపిస్తాయి. గుండ్రంగా తిరిగే కత్తి ప్రతి దెబ్బకూ ఒక చిన్న గుంత చేస్తుంది. ఆ గుంతల వరుసే ఈ అలలు.

పైన చెప్పిన యంత్రంలో ఇరుసుకు మూడు కత్తులు. నిమిషానికి 10,000 చుట్లు. అంటే 30,000 దెబ్బలు. దీనికి రెండు వేగాలున్నాయి. పలక నిమిషానికి 26 అడుగులు నడిస్తే అంగుళానికి 96 దెబ్బలు పడతాయి. 14 అడుగులే నడిస్తే 179 దెబ్బలు. 14 అడుగులంటే 168 అంగుళాలు. 30,000ను 168తో భాగించి మీరే సరిచూసుకోండి. ముందు వేగంగా నడిపి మందం తగ్గించుకుని, చివరి విడత నెమ్మదిగా నడిపితే ముఖం నున్నగా వస్తుంది.

నునుపు ఎంత పెరుగుతుంది? అల లోతుకు ఒక చక్కని సూత్రం ఉంది. రెండు దెబ్బల మధ్య దూరం యొక్క వర్గాన్ని, కత్తి తిరిగే వృత్తం వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించాలి. వ్యాసం 50 మిల్లీమీటర్లు, దూరం 2 మిల్లీమీటర్లు అయితే 4 ÷ 200 = 0.02 మిల్లీమీటరు. దూరం 1 మిల్లీమీటరు అయితే 1 ÷ 200 = 0.005. దూరం సగమైతే లోతు నాలుగో వంతుకు పడిపోయింది!

ఈ లెక్కలో ఒక షరతు ఉంది. కత్తులన్నీ ఒకే ఎత్తున ఉండాలి. ఒక కత్తి వెంట్రుకవాసి పైకి ఉన్నా, చివరి గుర్తులన్నీ దానివే. మూడు కత్తుల యంత్రం ఒక కత్తి యంత్రంలా పనిచేస్తుంది. అందుకే కత్తులు మార్చడం, సమంగా బిగించడం సులువుగా ఉన్న యంత్రాన్ని ఎంచుకోవాలి. కొత్త కత్తులు దగ్గరి ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. పొడవాటి కత్తులకు బదులు చిన్న చిన్న కార్బైడు బిళ్లలు మెలికగా అమర్చిన ఇరుసులూ ఉన్నాయి. ఒక బిళ్ల మొద్దుబారితే దానిని తిప్పి పెట్టుకోవచ్చు. చప్పుడు తక్కువ, ధర ఎక్కువ.

చెక్కను కూడా చదవాలి

ఆవు వీపును మెడ నుంచి తోక వైపు నిమిరితే వెంట్రుకలు అణుగుతాయి. ఎదురుగా నిమిరితే రేగుతాయి. చెక్కలోని నారలూ అంతే. నారల వాలుకు ఎదురుగా కత్తి పడితే పేళ్లు లేచిపోతాయి. పలక పక్క అంచున నారలు ఎటు వాలి ఉన్నాయో చూసి, దానిని బట్టి యంత్రంలోకి పంపాలి. వేప వంటి కలపలో నారలు ఒక వరుస ఇటు, ఒక వరుస అటు వాలి ఉంటాయి కాబట్టి అతి పలుచగా చెక్కాలి. టేకులో సిలికా కణాలు ఉంటాయి. ఇసుకలో ఉండేదీ సిలికాయే! అందుకే టేకు పని ఎక్కువగా చేస్తే కత్తులు తొందరగా మొద్దుబారతాయి.

పచ్చి చెక్కను చిత్రిక పట్టి ప్రయోజనం లేదు. చెక్క ఆరేటప్పుడు వార్షిక వలయాల వెంబడి ఎక్కువగాను, వాటికి అడ్డంగా సుమారు అందులో సగమూ కుంచించుకుంటుంది. నిలువునా మాత్రం కుంచించుకోవడం లేదనే చెప్పాలి. ఈ తేడా వల్లనే పలక వంగుతుంది. ఆరిన పలకనైనా రెండు ముఖాల నుంచీ సమంగా తీయాలి. ఒకే ముఖం నుంచి తీస్తే, కొత్తగా బయటపడిన లోపలి చెక్క తేమలో తేడా వల్ల మళ్లీ వంగవచ్చు.

ఇప్పుడొక చమత్కారం. రెండు మీటర్ల పలక, మందం 30 మిల్లీమీటర్లు. విల్లులా వంగి, మధ్యలో 4 మిల్లీమీటర్లు లేచి ఉంది. దానిని చదును చేస్తే 26 మిల్లీమీటర్లే మిగులుతుంది. ముందుగా రెండు ముక్కలుగా కోస్తే? ఒక్కొక్క ముక్క వంపు రెండు మిల్లీమీటర్లు కాదు, ఒక్క మిల్లీమీటరే! 29 మిల్లీమీటర్లు మిగులుతుంది. పొడవు సగమైతే వంపు నాలుగో వంతు. కత్తి గుర్తులలో చూసిన సూత్రమే ఇక్కడా పనిచేసింది. కాబట్టి కావలసిన పొడవుకు కోసిన తరువాతే చిత్రిక పట్టాలి.

అయితే మరీ పొట్టి ముక్కలు పనికిరావు. ముక్క పొడవు రెండు రోలర్ల మధ్య దూరం కంటే తక్కువైతే, మధ్యలో దానిని ఏ రోలరూ పట్టుకోదు. కత్తులు దానిని విసిరికొడతాయి. ఎంత పొడవుకు తక్కువ కాకూడదో యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. దానిని మీరి ఒక్క ముక్కనూ పంపకూడదు. పలక చివర్లలో కొద్ది దూరం పల్లం పడటానికీ ఇదే కారణం. అక్కడ ఒక్క రోలరే పట్టుకుని ఉండగా, బయటికి వేలాడే బరువు వల్ల లోపలి చివర కత్తుల వైపు లేస్తుంది. వేలాడే చివరకు ఆధారం ఇవ్వాలి. రెండు వైపులా కొంచెం పొడవు ఎక్కువ ఉంచుకుని తరువాత కోసేయాలి.

పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు వాడేవారు మరో జాగ్రత్త పడాలి. ముందుగా బలమైన అయస్కాంతంతో ముఖమంతా వెతకాలి. ఇనుప మేకు ఉంటే పట్టేస్తుంది. ఇత్తడి మరలను అయస్కాంతం పట్టదు. వాటికి కళ్లే ఆధారం.

వేళ్లు, చెవులు, ఊపిరి

50 మిల్లీమీటర్ల వ్యాసంలో నిమిషానికి 10,000 చుట్లు తిరిగే కత్తి మొన వేగం ఎంత? చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. నిమిషానికి 1,570 మీటర్లు. అంటే గంటకు 94 కిలోమీటర్లు! పలక ఇరుక్కుంటే చెయ్యి లోపల పెట్టి లాగకూడదు. ముందు మీట ఆపాలి, తరువాత ప్లగ్గు తీయాలి, ఇరుసు పూర్తిగా ఆగేదాకా ఉండాలి. పలక వచ్చే దారికి ఎదురుగా కాక పక్కన నిలబడాలి.

చిన్న యంత్రాల మోటార్లు పెద్దగా అరుస్తాయి. చప్పుడు 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండటం మామూలే. అమెరికాలోని నియోష్ సంస్థ సలహా ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు పనిచేయవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి కేవలం 15 నిమిషాలు. చెవులకు మూతలు లేకుండా నడపరాదని వేరే చెప్పాలా?

పొట్టును ఊడ్చేస్తే పోతుంది. గాలిలో తేలే సన్నని ధూళి పోదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పొట్టును పీల్చే గొట్టం తగిలించే వీలున్న యంత్రాన్నే ఎంచుకోవాలి. కళ్లజోడు, ముక్కుకు తగిన మాస్కు కూడా యంత్రంలో భాగమే అనుకోవాలి.

అసలు కొనాలా?

ఏడాదికి పది పలకలు చాలనుకునేవారు వాటిని ఊళ్లోని యంత్రం షెడ్డుకు తీసుకుపోయి, కూలి ఇచ్చి మందం చేయించుకోవడమే తెలివి. ప్రతి వారం పని ఉంటేనే సొంత యంత్రం. అలా కొన్నా చేతి చిత్రికను పారేయవలసిన పని లేదు. మొదటి ముఖాన్ని చదును చేసేది అదే. నకలు తీయడానికి యంత్రం ఉంది, కాని మూలప్రతి సరిగ్గా ఉండాలి కదా!

ఆలోచించండి

1. ఒక యంత్రానికి రెండు కత్తులు, నిమిషానికి 8,000 చుట్లు. పలక నిమిషానికి 8 మీటర్లు నడుస్తుంది. రెండు దెబ్బల మధ్య దూరం ఎంత?

2. ఒక పలక ఒక వైపు 20, మరో వైపు 24 మిల్లీమీటర్ల మందం ఉంది. అడుగు ముఖం చదునుగా ఉంది. మందం యంత్రం ఒక్కటే దీనిని సరిచేయగలదా?

3. పలక వెడల్పు 150 నుంచి 300 మిల్లీమీటర్లకు పెరిగింది. మోటారు మీద బరువు పెరగకుండా ఉండాలంటే లోతును ఏం చేయాలి?

జవాబులు: 1. నిమిషానికి 16,000 దెబ్బలు, 8,000 మిల్లీమీటర్లు. కాబట్టి అర మిల్లీమీటరు. 2. చేయగలదు, అడుగు చదునుగా ఉంటే పైముఖం దానికి సమాంతరంగా వస్తుంది. మందం మాత్రం 20 కంటే కొంచెం తగ్గుతుంది. 3. సగానికి తగ్గించాలి.